‘లేదు’ అని రాయాల్సిన చోట ‘లేదంటున్నారు’ అని రాశాను

మా కౌన్సెలింగ్ సెంటర్‌లో ప్రతి కేసుకూ నాలుగు పేజీల ఫారం నింపుతాం. రెండో పేజీలో ఎడమవైపు తల్లి, కుడివైపు తండ్రి. తల్లి కింద అడిగేవి: బిడ్డకు అన్నం ఎవరు పెడతారు, ఎన్నింటికి పడుకుంటుంది, జ్వరం వస్తే ఎవరు కనిపెట్టుకుని ఉంటారు. తండ్రి కింద అడిగేవి: పని, సంపాదన, అప్పులు, అలవాట్లు. ఈ కేసు ఫారంలో ఎడమవైపు గళ్లు దాదాపు ఖాళీ. కుడివైపు ‘అలవాట్లు’ దగ్గర నా చేతిరాత: ‘మద్యం లేదంటున్నారు.’

పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఏ తల్లి చెప్పిన మాటకూ ‘అంటున్నారు’ తగిలించిన గుర్తు నాకు లేదు. ఈ కేసు రాయాలనిపించింది ఆ ఒక్క మాట వల్లే. ఊరు, వయసులు, పనికి సంబంధించిన కొన్ని వివరాలు మార్చాను. భార్యాభర్తలిద్దరూ రాసుకోమన్నారు.

నేపథ్యం

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఊరు. పాప నాలుగో తరగతి, తమ్ముడు ఒకటి. తండ్రి రెండెకరాల రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని సాగు చేసేవాడు. వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి పోయాయి. గట్టు వారగా రొయ్యలు తేలడం మొదలయ్యాక ఇక చేసేదేమీ ఉండదు, ఎంత కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) వస్తే అంతకు పట్టి అమ్ముకోవడమే. మేత కొట్టులో బాకీ, బంగారం మీద లోను, ఆపైన చేబదుళ్లు.

అప్పు తీరాలంటే ఇద్దరిలో ఒకరు కువైట్ పోవాలనుకున్నారు. మగమనిషి పోవాలంటే వీసాకు ఏజెంటు చేతిలో డబ్బు పెట్టాలి, అంటే మళ్లీ అప్పు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు ఆ ఖర్చు చాలావరకు అక్కడి యజమానులే పెట్టుకుంటారు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. ఆమెకు నిండాయి. ఇంటిపనివాళ్లకు ఇచ్చే 20 నెంబరు వీసా మీద ఆమె వెళ్లింది, ఆయన ఇక్కడ ఉండిపోయాడు.

చూడండి, ‘ఉండిపోయాడు’ అని నాకే వచ్చేసింది. భర్త కువైట్‌లో ఉండి భార్య ఇక్కడ ఉంటే ఆమె పిల్లల్ని చూసుకుంటోంది అంటాం. ఉండిపోయింది అనం.

ఆమె వెళ్లాక ఆయన వేరే రైతు గుంటల మీద రాత్రి కాపలాకు చేరాడు. రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు, తిరుగుతున్నాయో లేదో చూసే పని. రెండు నెలలకే మానేశాడు, పిల్లలిద్దరే ఇంట్లో పడుకోవాల్సి వస్తోందని. ఆ తర్వాత పగలు ఆటో తోలుతున్నాడు. రాబడి తగ్గింది. పాప పిన్ని, అంటే తల్లి చెల్లెలు, పక్క ఊళ్లోనే ఉంటుంది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

2024 నవంబర్‌లో బడి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. పాపకు పొద్దున్నే కడుపునొప్పి. వారంలో ఒకటి రెండు రోజులు బడికి రాదు. వచ్చిన రోజు మూడో పీరియడ్‌కల్లా పుస్తకం మీద తలపెట్టి నిద్ర. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "తల్లి లేని పిల్ల మేడమ్, ఇంట్లో తండ్రి ఒక్కడే."

తల్లి ఉంది, ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. అయినా తల్లి లేని పిల్లే. తండ్రి ఇంట్లో ఉన్నాడు, ఆయన ఉండటాన్ని కూడా లోటు కిందే లెక్కేశాం.

ముందు డాక్టరుకు చూపించమన్నాను. పిల్లలు కడుపునొప్పి అంటే అది మనసుదని తేల్చే ముందు ఒంటిది కాదని తేల్చుకోవాలి. నులిపురుగుల మాత్ర ఆగస్టులో బడిలోనే వేశారు. మూత్రపరీక్ష బాగానే ఉంది. రక్తం కొంచెం తక్కువ. వారానికోసారి బడిలో ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్రను పాప మింగకుండా జేబులో వేసుకుంటోందని అప్పుడు బయటపడింది. దాన్ని సరిచేశాం. నొప్పి మాత్రం అలాగే ఉంది.

మొదట చేసిన పని

హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చున్నాం. ఆమె, పిన్ని, నేను కుర్చీల్లో. తండ్రి తలుపు దగ్గర నిలబడ్డాడు. నాలుగో కుర్చీ ఖాళీగానే ఉంది, దాని మీద హాజరు పుస్తకాలున్నాయి. వాటిని తీసి పక్కన పెట్టి కూర్చోమని మాలో ఒక్కరమూ అనలేదు.

పిన్ని చెప్పింది, ఆడపిల్ల, ఇంకో రెండు మూడేళ్లలో పెద్దమనిషవుతుంది, ఇంట్లో ఆడదిక్కు లేకపోతే ఎట్టా అని. నాకూ సబబుగానే అనిపించింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పాప పిన్ని ఇంట్లో, శని ఆదివారాలు తండ్రి దగ్గర. ఇరవై నిమిషాల్లో తేల్చేశాం. తండ్రిని అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీకు అభ్యంతరం లేదుగా?" ఆయన "పాప బాగుంటే చాలు మేడమ్" అన్నాడు. దాన్ని అంగీకారం అని రాసుకున్నాను.

ఇక్కడ నా ఆలోచన ఎలా నడిచిందో చెప్పాలి. పొద్దున్నే నొప్పి, బడిలో నిద్ర, ఇంట్లో తల్లి లేదు. మొదటి రెండూ మూడోదాని ఫలితమని నేనే ముడివేశాను. రాత్రి ఏం జరుగుతోందని అడగలేదు. తల్లి దగ్గరున్న పిల్ల అయితే నిద్రపోతోంది అనగానే నా మొదటి ప్రశ్న ‘రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది’ అనే ఉండేది. ఆ ప్రశ్న ఫారంలో కూడా ఉంది. కాకపోతే అది తల్లి గడిలో ఉంది.

మొదటి ఐదు రోజులు నొప్పి లేదు. ‘మెరుగు’ అని రాశాను. రెండో వారం పక్క తడపడం మొదలైంది. తండ్రి దగ్గర తమ్ముడు అన్నం సగంలో వదిలేస్తున్నాడు. పన్నెండో రోజు సాయంత్రం పాప ఎవరికీ చెప్పకుండా కాలవ కట్ట మీద నడుచుకుంటూ తండ్రి ఇంటికి వచ్చేసింది. మూడు కిలోమీటర్లు, పొద్దుగూకే వేళ. ఆయన ఆటో నిలిపి వచ్చేసరికి అక్కాతమ్ముళ్లు మెట్టు మీద కూర్చుని ఉన్నారట.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. "మీరు పంపమన్నారని పంపినా. ఇంక పంపను." ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి కూడా తప్పే

పాప ఇంట్లోనే ఉండాలంటే తండ్రిని తయారు చేయాలనుకున్నాను. ఆయన్ని సెంటర్‌కు పిలిచి ముప్పావు గంట చెప్పాను: పిల్లలతో సమయం గడపండి, రాత్రి కథ చెప్పండి, కోప్పడొద్దు. ఆయన తలూపుతూ విన్నాడు. లేచేటప్పుడు "అయ్యన్నీ చేస్తానే ఉండా మేడమ్" అన్నాడు. మాట దాటేస్తున్నాడనుకున్నాను. తర్వాతి రెండు సిట్టింగులకు రాలేదు. ‘సహకారం లేదు’ అని రాశాను. కిరాయి పోగొట్టుకుని వచ్చే మనిషికి తను రోజూ చేసే పనినే పాఠంలా చెబితే మూడోసారి ఎందుకొస్తాడు?

ఇంతలో డిసెంబర్ 7 వచ్చింది. ఆ రోజు రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ఆ బడిలో తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాగుడు. తరగతికి ఇంతమంది తల్లులు ముగ్గెయ్యాలని పిలుస్తుంటే, ఈ పాప పేరు దగ్గర ఎవరూ లేవలేదు. తండ్రి లేచి వెళ్లి ముగ్గుపిండి అందుకుని చుక్కలు పెట్టాడు. నవ్వులు. ఫోన్లు బయటికొచ్చాయి. సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో తిరిగింది.

హెడ్‌మిస్ట్రెస్ ఈ సంగతి నాకు నవ్వుతూనే చెప్పింది. ఆమె చెడ్డది కాదు, ఆ పాప కోసం మాకు ఫోన్ చేసిన మనిషి ఆమే. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఒక సందేహం వచ్చింది. ‘ముగ్గు బాగానే వేశాడు మేడమ్, తీరుగా వచ్చింది’ అంది ఆమె. తీరుగా రావాలంటే అలవాటుండాలి కదా.

పొద్దున ఆరింటికి

ఆ వారం చెప్పకుండా ఇంటికి వెళ్లాను. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. వాకిట్లో ముగ్గు అప్పటికే ఉంది. "చీకటితోనే వేసేస్తా మేడమ్, తెల్లారితే అందరూ చూస్తారు" అన్నాడు.

లోపల పొయ్యి మీద అన్నం. చలికి పేరుకున్న కొబ్బరినూనె గిన్నెను అన్నం మూత మీద పెట్టాడు కరగడానికి. పాప ఆయన ముందు చాప మీద కూర్చుని ఏడో ఎక్కం అప్పజెబుతోంది. దువ్వెన కొసతో నుదుటి నుంచి మెడ దాకా ఒకే గీతలో పాపిడి తీశాడు. గుంటల పనికి కాయలు కాసిన వేళ్లు. జడ చివరికొచ్చేసరికి రిబ్బను ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, అలాగే "ఏడార్లు?" అని అడిగాడు. పాప "నలభై రెండు" అంది. ఆ పక్క తమ్ముడు ఒక సాక్సు తొడుక్కుని రెండోది వెతుకుతున్నాడు. "మంచం కింద చూడు నాయనా" అన్నాడు, తల తిప్పకుండానే. అక్కడే ఉంది.

గోడకు క్యాలెండర్. మాకు తెలిసిన ఇళ్లన్నిటిలో ఉన్నట్టే పాల లెక్క, గ్యాస్ తేదీ, చీటీ కట్టాల్సిన రోజు. వాటి మధ్య ఎర్ర పెన్నుతో అక్కడక్కడా ‘క’ అని ఉంది. ఇదేంటని అడిగాను.

"కడుపునొప్పి వచ్చిన రోజు మేడమ్. ఎప్పుడెప్పుడు వస్తదని డాక్టరు అడిగితే చెప్పలేకపోయినా. అప్పట్నించి రాస్తా ఉండా."

"మరి నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు గదా."

పిల్లలు అన్నం తింటుంటే ఆయన ఫోన్లో ఐమో అనే కాలింగ్ యాప్‌లో కాల్స్ తెరిచి, క్యాలెండర్‌ను కిందకు దించి, తేదీ వెంట తేదీ చూసుకుంటూ పోయాం. ‘క’ పడిన రోజుల్లో ఎక్కువభాగం ముందు రాత్రి కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. అన్నీ పన్నెండు దాటాకే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆమె వంటగది కడిగి, ఫోన్ చేతికి తీసుకునేసరికి అక్కడ రాత్రి పది, ఇక్కడ పన్నెండున్నర. ఇంటిపనివాళ్లకు రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదని, వారానికో రోజు సెలవివ్వాలని అక్కడ 2015లోనే చట్టం వచ్చింది. ఆమెకు సెలవు రోజంటే మధ్యాహ్నం గంటసేపు నడుం వాల్చడం.

నిద్ర సంగతి అర్థమైంది. పిన్ని ఇంట్లో ఐదు రోజులు నొప్పి ఎందుకు లేదో కూడా అర్థమైంది. ఆ ఇంటికి అర్ధరాత్రి ఫోన్ రాదు. కానీ నిద్ర చాలకపోతే తలనొప్పి రావాలి, నీరసం రావాలి. ప్రతిసారీ కడుపే ఎందుకు?

ఆ పొద్దున బడి దాకా ఆటోలో వాళ్లతోపాటే వెళ్లాను. ఆటో మోతకు ముందు సీట్లో మనిషికి వెనక మాట వినపడదు. పాప అది చూసుకునే మాట్లాడిందనుకుంటాను. ఫోన్ వచ్చినప్పుడు అమ్మ పెరట్లోకి పొమ్మంటుందట. నాయన నిన్న తాగాడా? ఇంటికి ఎవరైనా వచ్చారా? పంపిన డబ్బు ఏం చేశాడు? "ఏం లేదంటే అమ్మ నమ్మదు, ఏడుస్తది. ఏదోటి చెప్తే నాయనను తిడతది." కాసేపాగి ఇంకో మాట అంది: "జడ పిన్ని వేసిందని చెప్తా నేను బళ్లో."

తొమ్మిదేళ్ల పిల్ల అర్ధరాత్రి సాక్ష్యం చెప్పి, పొద్దున ఆ తండ్రి చేతే జడ వేయించుకుని, బడికెళ్లి ఆ జడ ఆయనది కాదని చెబుతోంది.

తల్లితో

శుక్రవారం ఆమెతో మాట్లాడాను. ముందు ఏడ్చింది, తర్వాత కోప్పడింది. "మగోళ్ల సంగతి మీకు తెలీదా మేడమ్? మా చెల్లెలు అన్నీ చెప్తానే ఉంది."

తెలుసు. నేనూ ఈ జిల్లాలోనే పుట్టాను. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు మా అమ్మ అక్షరదీపం రాత్రిబడిలో పేరు రాయడం నేర్చుకుంటోంది. మా ఊళ్లోనూ సారా బండిని వెనక్కి తిప్పి పంపిన గుంపులో ఆమె ఉంది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే ఆ ఆడవాళ్ల వల్లే. ఆ కథ వింటూ పెరిగినదాన్ని. అందులో ఇంటిని నిలబెట్టేది తల్లి, తాగి వచ్చేది తండ్రి. అది నిజం కథే, ఇవాళ్టికీ మా దగ్గరకొచ్చే కేసుల్లో సగానికి పైగా అదే. కానీ నా పెన్ను ‘లేదు’ దగ్గర ఆగకుండా ‘అంటున్నారు’ దాకా పోయింది కూడా ఆ కథతోనే.

అందుకే ఆమె అనుమానాన్ని కొట్టిపారేయలేదు. కొట్టిపారేస్తే నేను ఆయన తరఫు మనిషినైపోతాను, ఆ తర్వాత ఏం చెప్పినా ఆమె వినదు. ‘కాగితాలు చూద్దాం’ అన్నాను. ఆయన ఒక రేకు పెట్టె తెచ్చాడు. బంగారం లోను కట్టిన రసీదులు, మేత కొట్టు బాకీ పుస్తకం, చీటీ పుస్తకం. ఆమె పంపినదాంట్లో ఎంత ఎక్కడికి పోయిందో దాదాపు లెక్క తేలింది. రెండు నెలలు మాత్రం కొంత తేడా ఉంది. అడిగితే కాసేపు మాట్లాడలేదు. ఆటో ఇంజిన్ పని, చెబితే పాత ఆటో ఎందుకు కొన్నావంటుందని దాచానన్నాడు. ఆ సంగతి కూడా ఆమెకు ఆయన చేతే చెప్పించాను. ఆమె నమ్మింది రసీదులు చూసి కాదనిపించింది, ఈ తేడా విన్నాకే. అన్నీ సరిగ్గా ఉంటే ఇంకా అనుమానపడేదేమో.

పని చేసినవి

ఫోన్లు మార్చాం. అర్ధరాత్రి ఫోన్ పిల్లలకు కాదు, మొగుడూ పెళ్లాలకు. డబ్బు, అనుమానం, పోట్లాట ఏదైనా అప్పుడే. పిల్లలతో శుక్రవారం సాయంత్రం, ఇక్కడ ఆరున్నర. మిగతా రోజులు ఆమె పని మధ్యలో వాయిస్ మెసేజ్ పెడుతుంది, పొద్దున జడ వేసుకుంటూ పాప వింటుంది. నాయన గురించి పాపను ఏమీ అడగకూడదన్నది ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ తనే నాకు చెప్పింది.

నెలాఖరున క్యాలెండర్ పేజీ ఫొటో తీసి ఆయన భార్యకు పంపుతాడు. ఇది నా ఆలోచన కాదు, ఆయనదే.

బడిలో పెద్దగా ఏమీ చేయలేదు. అవగాహన సభ పెడదామని హెడ్‌మిస్ట్రెస్ అంటే వద్దన్నాను. ఆ వీడియో మళ్లీ అందరికీ గుర్తొస్తుంది. ఆమె చేసింది ఒకటే. ‘అమ్మను తీసుకురా’ అనే మాట మాని, ‘ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురా’ అనడం మొదలుపెట్టింది. సంక్రాంతి సెలవుల తర్వాత నుంచి క్యాలెండర్‌లో ‘క’లు పలచబడ్డాయి. మార్చిలో రెండే.

కుదరనివి కూడా ఉన్నాయి. ఆటో స్టాండులో ఆయన్ని ఇప్పటికీ ‘అమ్మగారు’ అనే పిలుస్తారు. పిన్ని మాట్లాడటం మానేసింది. 2025 జూన్‌లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ పథకం డబ్బు పడింది. ఒక్కో బిడ్డకు 15,000, అందులో బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో. ఆ ఖాతా ఏటీఎం కార్డు వెళ్లేటప్పుడు ఆమె చెల్లెలికి ఇచ్చి వెళ్లిందని నాకప్పుడే తెలిసింది. మొగుడికి కాదు. దాన్ని వెనక్కి ఇప్పించడానికి నెల పట్టింది, ఒక పెద్ద గొడవ అయింది. తల్లి ఖాతాలో వేయడం తప్పనడం లేదు, ఎందుకు వేస్తారో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1956 నాటి హిందూ గార్డియన్‌షిప్ చట్టం మొదటి సంరక్షకుడు తండ్రే అంటుంది, పథకం తల్లి అంటుంది. ఏడున్నరకు జడ ఎవరు వేస్తున్నారన్నది రెండింటిలోనూ లేదు.

నేను మార్చుకున్నవి

ఫారంలో మధ్య గీత తీసేయించాను. రోజువారీ పనుల ప్రశ్నలు ముందు, ‘ఎవరు?’ అన్న గడి పక్కన. అలవాట్ల ప్రశ్న ఇద్దరికీ. ఆరు నెలల్లో ఒక తల్లి జర్దా అలవాటు అలా బయటపడింది.

తండ్రి మాట నమ్మేయడం మొదలుపెట్టానని కాదు. ఈ కేసు తర్వాత రెండు నెలలకు ఇంకో తండ్రి ఇలాగే నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. ఆయన చెప్పిందంతా అబద్ధమే. ఆ ఇంటికీ పొద్దున్నే వెళ్లాను కాబట్టి తెలిసింది. ఇప్పుడు మొదటి వారంలోనే ఒకసారి తెల్లవారుజామున ఇంటికి వెళ్లడం నియమం చేసుకున్నాను, సెంటర్‌లో మిగతావాళ్లు విసుక్కుంటున్నా సరే.

పాత ఫారంలో ‘అంటున్నారు’ కొట్టేయలేదు. కొత్తగా చేరిన కౌన్సెలర్లకు ఆ పేజీ చూపిస్తాను.

ఆగస్టులో తల్లి సెలవు మీద వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున దువ్వెన తీసుకుని పాపను కూర్చోబెట్టుకుంది. సగం జడ అయ్యాక పాప "అట్టా కాదమ్మా, బిగువుగా ఉండాల" అని వంటగదిలోకి చూసి "నాయనా" అని పిలిచిందట. ఆయన వినిపించుకోనట్టు గిన్నెలు కడుగుతూ ఉండిపోయాడట. ఆ మధ్యాహ్నం ఆమె నాకు ఫోన్ చేసింది. "నా ఇంట్లో నాకు పనేమీ లేదు మేడమ్. ఏది ముట్టుకున్నా అది ఆయన పెట్టిన చోట ఉండాలంట."

వాళ్లాయన మీద ఫిర్యాదు కాదది. దానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న మాటేదీ లేదు. తిరుగు టికెట్‌కు ఇంకా మూడు వారాలుంది. మంగళవారం పదింటికి రమ్మన్నాను, ఆమెను ఒక్కదాన్నే.